పన్నెండో జాతి

జమ్ములవలస చెరువులో మొదటి నల్లపట్టె రెక్కను చూసింది విశాఖపట్నం ప్రయోగశాలలో ఉన్న శాస్త్రవేత్తలెవరూ కాదు, తుంగచాపలు అల్లుకునే పైడమ్మ. కార్తీకమాసం చివర్లో, తుపాను వానలు వెలిసిన మూడోనాటి సాయంత్రం, గట్టు మీద పురుగుల్ని వెలుగుతో రప్పించే దీపపుపెట్టె ముందు కూర్చుని గాజుగొట్టాల్లోకి ఒక్కొక్క పురుగునే పడుతూ, ఒకదాని దగ్గర ఆగి చాలాసేపు కళ్లు చికిలించి చూసింది. మర్నాడు పొద్దున్నే ఆ ప్రయోగశాలలోనే పనిచేసే చెల్లెలు సుభాషిణికి ఫోను చేసింది.

“సిన్నమ్మీ, ఓ పురుగు దొరికినాదే. మిగతాయన్నీ బాగానే ఉన్నాయి గానీ, దీని రెక్క మీద రెండో గీత మసి పూసినట్టున్నాది. గోటితో గీరితే పోనేదు.”

“రెక్కలు ముట్టుకోవద్దన్నాను కదప్పా!”

“ముట్టుకోకపోతే మసో రంగో ఎలా తెలుస్తాదే?”

సుభాషిణికి నవ్వొచ్చింది. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది. రెండో పట్టె నల్లబడటమంటే ఏమిటో ఆమెకు తెలుసు. అది తెలుసుకోవడం కోసమే ఆ పురుగును తయారుచేశారు.

అవి వేలిగోరంత ఉండే తెల్లటి రెక్కపురుగులు. వాటి గొంగళిపురుగులు నీళ్లలో పుట్టి, తుంగ ఆకులు కొరికి చిన్న గూడు చుట్టుకుని, ఇరవై అయిదు రోజులు నీళ్లలోనే పెరుగుతాయి. ఒకే పోలికతో ఉండే ఇలాంటి పురుగులన్నిటినీ కలిపి ఒక ప్రజాతి అంటారు. అందులో అప్పటికి పదకొండు జాతులు. మామూలు కంటికి పదకొండూ ఒకటే. తేడా అంతా రెక్క మీద ఎండుగడ్డి రంగులో ఉండే నాలుగు పట్టెల వంపులోనూ, రెక్క అంచు కుచ్చులో ఉండే చుక్కల్లోనూ ఉంటుంది. ఆ తేడాలు చదవడం నేర్చుకోవడానికి సుభాషిణికి పద్దెనిమిదేళ్లు పట్టింది. దేశంలో ఆ విద్య తెలిసినవాళ్లు ఇద్దరే ఉండేవారు. గురువుగారు పోయాక ఆమె ఒక్కతే మిగిలింది. పురుగుల రెక్కలు చూసుకుంటూ కూర్చునే మనిషిని సంస్థలో ఎవరూ పెద్దగా లెక్కచేసేవారు కాదు, డాక్టర్ విశ్వపతి వచ్చేదాకా.

విశ్వపతి ఆలోచన చెప్పడానికి చాలా తేలిక. ఫ్యాక్టరీలు వాన కురిసే వేళ చూసి తమ తొట్ల తూములు ఎత్తేస్తాయి. రెండు మూడు గంటల్లో విషం గెడ్డలో, అంటే ఊళ్ల పక్కన పారే వాగులో కలిసి చెరువుల్లోకి దిగిపోతుంది. అధికారులు సీసాలు పట్టుకుని వచ్చేసరికి పైనీళ్లు తేటగా ఉంటాయి. సీసా ఆ ఒక్క క్షణాన్నే పట్టుకుంటుంది, గొంగళిపురుగు ఇరవై అయిదు రోజుల్నీ ఒంట్లో దాచుకుంటుంది. అందుకని ఏడో జాతి పురుగు జన్యువుల్లో ఒక చిన్న మార్పు చేశాడు. నీళ్లు మంచివైతే రెక్క మామూలుగానే వస్తుంది. ఫ్యాక్టరీ ద్రావకాలు ఒంటబడితే రెండో పట్టె నల్లగా మొలుస్తుంది. దానికి కావలి పురుగు అని పేరు పెట్టారు. రెండేళ్ల కిందట మొదటి విడతగా నలభై చెరువుల్లో వదిలారు. అందులో ఒకటి జమ్ములవలస చెరువు కావాలని పట్టుబట్టింది సుభాషిణే. అది ఆమె సొంతూరు.

తల్లి పోయేనాటికి సుభాషిణికి ఆరేళ్లు, పైడమ్మకు ఇరవై రెండు. పెళ్లయిన రెండేళ్లకే మొగుడు కలాసీ పనికని పడవెక్కి మళ్లీ కనిపించకపోతే, పైడమ్మ పుట్టింటికి వచ్చి చెల్లెల్ని ఒళ్లో వేసుకుంది. మొలలోతు నీళ్లలో నిలబడి తుంగ కోసింది, చీల్చి ఎండబెట్టింది, చాపలల్లి చెల్లెల్ని చదివించింది. కొడవలి పట్టే చేతికి దీపపుపెట్టె, గాజుగొట్టాలు ఇచ్చి పని నేర్పితే, నలభై ఊళ్లలోకీ ఆవిడ గొట్టాలే శుభ్రంగా వచ్చేవి.

వారం తిరిగేసరికి పైడమ్మ పంపిన గొట్టాల్లో ఇరవై నాలుగు నల్లపట్టె పురుగులు ఉన్నాయి. సుభాషిణి వాటిని సూదులకు గుచ్చి రెక్కలు పరిచి, సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటీ చూసింది. ఏడో జాతికి అంచు కుచ్చులో మూడు చుక్కలు ఉంటాయి. ఇరవై రెండింటికి మూడే ఉన్నాయి. రెండింటికి మాత్రం మూడో చుక్క పక్కన లీలగా నాలుగోది ఉన్నట్టు కనిపించింది. గొట్టంలో రెక్క ఒరుసుకుని పొలుసులు జరిగితే అలా కనిపించడం మామూలే. ఆమె నోటుపుస్తకంలో రాసుకుంది: ‘ఇరవై నాలుగూ కావలి పురుగులే. జమ్ములవలస నీళ్లలో విషం ఉంది.’

ఆ ముక్క చెప్పడానికి విశ్వపతి గదికి వెళ్లింది. ఆయన అప్పటికే ఒక పాత పుస్తకం తెరిచి పెట్టుకుని కూర్చున్నాడు. అది ఆమె సిద్ధాంత గ్రంథం.

“కూర్చోండి సుభాషిణి గారూ. నూట డెబ్బై ఒకటో పేజీ గుర్తుందా?”

గుర్తుంది. ఎప్పుడో కొండల్లో దొరికిన ఒకే ఒక్క పాత పురుగును చూసి, ‘రెండో పట్టె ముదురు రంగులో ఉన్న జాతి మరొకటి ఈ ప్రాంతంలో ఉండవచ్చు’ అని ఒక వాక్యం రాసింది. ఒక్క నమూనాతో ఏదీ తేల్చి చెప్పకూడదని గురువుగారు నేర్పిన జాగ్రత్త అది.

“నల్లపట్టెల కబురు అప్పుడే గెడ్డకు ఎగువనున్న మందుల ఫ్యాక్టరీకి చేరింది. వాళ్ల వకీలు దీన్ని నిన్న, చెరువుల ఫిర్యాదులు వినే ప్రభుత్వ విచారణ సంఘానికి పంపాడు. ఆ నల్లపురుగులు మీ కావలి పురుగులు కావు, అడవిజాతి, మీ శాస్త్రవేత్తే రాసింది అంటున్నాడు.”

“జన్యుపరీక్ష చేయిద్దామండీ.”

“మొదటి గొట్టాలు రాగానే చేశాం. రెండేళ్లలో మన పురుగులు అక్కడి పురుగులతో కలిసి పిల్లల్ని పెట్టాయి. పరీక్ష అటూ చెప్పదు, ఇటూ చెప్పదు. రెక్క చదివి చెప్పాల్సింది మీరే.”

“చదివాను. మనవే.”

విశ్వపతి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. చెడ్డవాడు కాదు. ఆ పురుగు కోసం పదకొండేళ్లు సెలవన్నది ఎరగకుండా పనిచేసినవాడు.

“ఇరవై నాలుగుకు ఇరవై నాలుగూనా?”

ఆమె చేతిలోని నోటుపుస్తకం మళ్లీ తిరగేసింది. “రెండింటికి నాలుగో చుక్క ఉన్నట్టు ఉంది. ఒరుసుకుని ఉండొచ్చు.”

“ఉండొచ్చు. ఒరుసుకోకపోయీ ఉండొచ్చు.” ఆయన ముందుకు వంగాడు. “చూడండి, కావలి పురుగుల్ని మూడు వందల చెరువుల్లో వదిలే అనుమతి ఫైలు ఇంకా సంతకం కాలేదు. ఈ ఫ్యాక్టరీతో ఇప్పుడు కోర్టుకెక్కితే కార్యక్రమం మొత్తం ఆగిపోతుంది. ఒక్క చెరువు దగ్గర ఒక్క ఏడాది తగ్గుదాం. మూడు వందల చెరువుల్లో కావలి కూర్చున్నాక ఈ ఫ్యాక్టరీ ఎక్కడికి పోతుంది? మిమ్మల్ని అబద్ధం చెప్పమనడం లేదు. సందేహం ఉందని చెప్పండి. కొత్త జాతిగా వర్ణించండి. పన్నెండో జాతి.”

“పెంచి చూద్దామండీ. వాటి గుడ్లను మంచినీళ్లలో పొదిగించి, పిల్లలకీ నల్లపట్టె వస్తే కొత్త జాతి, రాకపోతే మనదే. నెలరోజుల్లో తేలిపోతుంది.”

“విచారణ తొమ్మిది రోజుల్లో ఉంది.”

ఆ తొమ్మిది రోజుల్లో సుభాషిణి తనతో తాను ఎన్ని మాటలాడుకుందో లెక్కలేదు. మూడు వందల చెరువులు అనుకుంది. ఒక్క ఏడాదే అనుకుంది. విచారణ అయ్యాక పెంచి చూద్దాం, తప్పైతే దిద్దుకుందాం అనుకుంది. కానీ లోపల ఎక్కడో మరో మాట కూడా ఉంది. దాన్ని ఆమె పైకి రానివ్వలేదు. పద్దెనిమిదేళ్లుగా ఒకరు పేరు పెట్టిన జాతుల్ని గుర్తుపట్టడమే తప్ప, తానుగా ఒక జాతికి పేరు పెట్టింది లేదు.

ఇరవై రెండు పురుగుల్ని పెట్టెలో పెట్టి మూత వేసింది. మిగిలిన రెండింటి రెక్కల్ని ఫొటోలు తీసింది. నాలుగో చుక్కను బొమ్మలో కాస్త స్పష్టంగానే గీసింది. వర్ణన ముగించి పేరు దగ్గరికి వచ్చేసరికి క్షణం కూడా తడుముకోలేదు. అక్క పేరుకు లాటిన్ పద్ధతిలో తోక తగిలించి ‘పైడమ్మే’ అని రాసింది. ఆ పేరు రాశాక చేసిన పని మంచిదే అనిపించింది.

విచారణలో సంఘం ఆ వర్ణనే చూసి, నల్లపట్టె అడవిజాతిదేనని ఫ్యాక్టరీని వదిలేసింది. మాఘమాసంలో ఆ వర్ణన అచ్చయిన శాస్త్ర పత్రిక వచ్చింది. ఒక ప్రతి తీసుకుని జమ్ములవలస వెళ్లింది. పైడమ్మ చదువుకోలేదు. ఆ బొమ్మను వేలితో తడిమి, తన పేరు ఏ వరుసలో ఉందో చూపించమంది. పక్కింటి దాలమ్మ, తుంగ కోసే మిగతా ఆడవాళ్లు అరుగు చుట్టూ చేరారు.

“ఏటే పైడీ, ఆ పురుగు పేరేటి?” అంది దాలమ్మ.

“పైడమ్మే!”

“నీ పేరు కాదే, పురుగు పేరు అడుగుతున్నాను.”

“అదేనే బాబూ, పురుగు పేరే పైడమ్మే!”

అరుగంతా గొల్లుమంది. ఆ నవ్వులయ్యాక పైడమ్మ చెల్లెల్ని లోపలికి పిలిచి అడిగింది.

“మరి నీళ్ల సంగతేటే? నల్లగీత ఒస్తే నీళ్లు సెడ్డాయని సెప్పినావు గదా అప్పుడు. అందరూ అడుగుతున్నారు, దిగొచ్చా మానీమా అని.”

సుభాషిణి చేతిలో కాఫీ గ్లాసు ఉంది. దాని అంచు చుట్టూ బొటనవేలు తిప్పింది.

“అది వేరే జాతప్పా. దాని రెక్క పుట్టుకతోనే అంత.”

“అంటే దిగొచ్చు?”

“దిగొచ్చు.”

వానాకాలం వచ్చింది. శ్రావణంలో గెడ్డ రెండుసార్లు పొంగింది. మూడు వందల చెరువులకు అనుమతి వచ్చింది, సంస్థలో అందరూ మిఠాయిలు పంచుకున్నారు. కొత్త చెరువుల నుంచి వచ్చే గొట్టాలు చూడటానికి సుభాషిణి కింద అయిదుగురిని వేశారు. పెంచి చూడాల్సిన గుడ్ల సంగతి ఆమెకు గుర్తులేక కాదు. ప్రతి సోమవారం గుర్తొచ్చేది. ప్రతి సోమవారం ఏదో ఒక పని అడ్డొచ్చేది.

ఆశ్వయుజంలో దాలమ్మ ఫోను చేసింది. “అమ్మా, మీ అప్ప సెయ్యి తెగ్గోసుకున్నాది. నెత్తురు నీళ్లల్లో కలిసి ఎర్రగా ఒస్తే నాను సూసి అరిసినాను. అదైతే ఇంకా తుంగ కోస్తానే ఉన్నాది. దానికి తెలీనే నేదు.”

ఎడమచేతి రెండు వేళ్లకు ఎముక దాకా కొడవలి దిగింది. పెద్దాసుపత్రిలో కుట్లు వేసిన డాక్టరు, తెగిన వేళ్లకన్నా తెగని వేళ్లను ఎక్కువసేపు చూశాడు. సూదితో పొడిచి, “తెలుస్తోందా?” అని అడిగాడు.

“నేదు బాబూ.”

“ఇక్కడ?”

“నేదు.”

మోచేతి దగ్గరికి వచ్చేసరికి తెలిసింది. “ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది?”

“వోనలప్పటి నుంచి బాబూ. మొదట సీమలు పాకినట్టుండేది. మా ఊళ్లో ఇంకో ఏడుగురికి ఉన్నాది. వయసు గదా అనుకున్నాం.”

“నరాలు చచ్చుబడ్డాయి. ఏం పని చేస్తావు? రసాయనాలేమైనా ముట్టుకుంటావా? మీ చెరువునీళ్లలో ఏదైనా కలుస్తోందా?”

“అదేం నేదు బాబూ,” అంది పైడమ్మ, పక్కనే నిలబడిన చెల్లెలి వైపు గడ్డంతో చూపించి. “మా సెల్లి పెద్ద సైంటిస్టు. మా నీళ్లు అదే సూసినాది. మంచియేనని సెప్పినాది.”

డాక్టరు తలెత్తి సుభాషిణిని చూశాడు. సంస్థ పేరు ఉన్న గుర్తింపుకార్డు ఇంకా ఆమె మెడలోనే ఉంది. ఆమె అవుననలేదు, కాదనలేదు. ఆయన కాగితం మీద బలం మాత్రలు రాసి ఇచ్చాడు.

ఆ సాయంత్రమే ఆమె చెరువుగట్టుకు వెళ్లి తన చేత్తో పురుగుల్ని పట్టింది. నల్లపట్టె ఆడపురుగులు ఆరు దొరికాయి. వాటిని ప్రాణాలతో ప్రయోగశాలకు తెచ్చి, గాజుతొట్టిలో శుద్ధిచేసిన నీళ్లు పోసి, కడిగిన తుంగ వేసి గుడ్లు పెట్టనిచ్చింది. ఏడాది కిందటే చేయాల్సిన పని. గొంగళిపురుగులు పుట్టాయి, గూళ్లు చుట్టుకున్నాయి. ప్రతి ఉదయం ఆమే వచ్చి నీళ్లు మార్చేది. తొట్టి దగ్గర వేరొకర్ని నిలబడనిచ్చేది కాదు. ఇరవై ఎనిమిదో రోజు ఉదయం మొదటి పురుగు తుంగకాడ పట్టుకుని పైకి పాకి, తడిరెక్కలు విప్పుకుంది. నాలుగు పట్టెలు. నాలుగూ ఎండుగడ్డి రంగే. అంచు కుచ్చులో మూడు చుక్కలు. మధ్యాహ్నానికి పదిహేడు, మర్నాటికి అరవై ఒకటి వచ్చాయి. ఒక్కదానికీ నల్లపట్టె లేదు.

పన్నెండో జాతి అనేది ఎక్కడా లేదు. ఆ సంగతి ఆమెకు ఆ ఉదయం కొత్తగా తెలిసింది కాదు.

విశ్వపతి పురుగుల్ని చూశాడు. తొట్టినీ చూశాడు. ఆమెను గోడ మీది పటం దగ్గరికి తీసుకువెళ్లాడు. మూడు వందల చెరువులూ పచ్చచుక్కలే. ఒక్క ఎర్రచుక్క లేదు.

“ఎక్కడా విషం లేదా?” అంది సుభాషిణి.

“పదిహేడు చెరువుల్లో నల్లపట్టెలు వచ్చాయి. మీ వ్యాసం చూసుకుని మీ కింద పిల్లలే వాటిని పన్నెండో జాతిలో వేశారు. మన పట్టికలో అవి కావలి పురుగులు కావు. అందుకని పచ్చచుక్క.”

“వాళ్లు నన్నడగలేదే?”

“ఎందుకడుగుతారు? మీరు రాసిందే కదా.”

“వెనక్కి తీసుకుంటాను.”

“తీసుకుంటే ఏమవుతుందో తెలుసా? వకీలు మీ రెండు వ్యాసాల్నీ పక్కపక్కన పెట్టి చదువుతాడు. రెక్క చూసి చెప్పే మనిషే మాట మారిస్తే ఇక పురుగును నమ్మేదెవరని అడుగుతాడు. ఒక్క ఏడాది ఆగండి. మెల్లగా సరిచేద్దాం.”

“పోయినేడు కూడా ఒక్క ఏడాదే అన్నారు.”

ఆమె తన గదికి వెళ్లి, అరవై ఒక్క పురుగుల ఫొటోలు జతచేసి, నాలుగు పేరాల్లో నిజం రాసి పత్రికకు పంపింది. ఆ ఇరవై రెండు పురుగుల సంగతీ రాసింది.

విశ్వపతి చెప్పినట్టే జరిగింది. మళ్లీ కూర్చున్న విచారణ సంఘం ముందు వకీలు రెండు వ్యాసాలూ చదివాడు. ఈ రెండింటిలో డాక్టర్ సుభాషిణి అబద్ధం చెప్పింది ఎప్పుడు అని మర్యాదగా అడిగాడు. “మొదటిసారి” అని ఆమె గట్టిగానే చెప్పింది. “రెండోసారి చెప్పడం లేదని మాకేమిటి నమ్మకం?” అన్నాడు. పురుగు రెక్క నమ్మదగిన సాధనం కాదని సంఘం వారు తేల్చి కావలి పురుగుల కార్యక్రమాన్ని రద్దుచేశారు. పాతపద్ధతిలో సీసాలతో నీళ్లు పట్టి పరీక్షించమన్నారు. పట్టారు. నీళ్లు తేటగానే ఉన్నాయి. ఫ్యాక్టరీ నడుస్తూనే ఉంది. విశ్వపతి తన గదిలో పుస్తకాలు సర్దుకుంటూ, “పదకొండేళ్ల పని మీ వల్ల పోయింది,” అన్నాడు.

“మన వల్ల,” అంది సుభాషిణి.

అన్నిటికన్నా ముందు వెళ్లాల్సిన జమ్ములవలస వెళ్లడం ఇక మిగిలింది. పదకొండు గంటల బస్సుకు దిగింది. పైడమ్మ అరుగు మీద గోడకు చేరగిలబడి ఉంది. రెండు చేతులూ ఒళ్లో, ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయిన వస్తువుల్లా ఉన్నాయి. సగం నేసిన చాప మగ్గం మీదే ఉండిపోయింది. దాలమ్మ పక్కన కూర్చుని కూర తరుగుతోంది.

“బాగున్నావేటే? సిక్కిపోనావు,” అంది పైడమ్మ.

సుభాషిణి అరుగు కింద మెట్టు మీద కూర్చుని మొదటినుంచీ చెప్పింది. దాలమ్మ కత్తిపీట ఆపేసి వింది.

“అయితే ఆ పురుగు కొత్తది కాదా?” అంది పైడమ్మ.

“కాదప్పా. మన కావలి పురుగే.”

“నల్లగీత ఒచ్చినాదంటే నీళ్లల్లో ఇసం ఉన్నట్టేనా?”

“ఉన్నట్టే. ఈరోజు నుంచి ఎవ్వరూ దిగొద్దు. తాగొద్దు.”

“నీకప్పుడే తెలుసా?”

బస్సులో వస్తూ సుభాషిణి ఈ ప్రశ్నకు జవాబు కూడబెట్టుకుంది. రెండు పురుగుల సందేహం, మూడు వందల చెరువులు, తొమ్మిది రోజుల గడువు. అవేవీ నోటికి రాలేదు.

“తెలుసు.”

“తెలిసే రాసినావు.”

“ఆ.”

“నానడిగితే దిగొచ్చన్నావు.”

సుభాషిణి తల వంచుకుంది. దాలమ్మ ఏదో అనబోతే పైడమ్మ వద్దన్నట్టు తల ఊపింది. ఆమె గొంతులో కోపం లేదు. అర్థంకాని లెక్క ఒకటి విడదీసుకుంటున్నట్టు నెమ్మదిగా అడిగింది.

“మరి నా పేరెందుకెట్టినావే?”

సుభాషిణి అక్క చేతుల వైపు చూసింది.

“తీసీయి,” అంది పైడమ్మ.

“తియ్యడానికి లేదప్పా.” అంది సుభాషిణి. “తప్పుడు పేరని రాశాను. కానీ ఒకసారి అచ్చయిన పేరును చెరపడానికి లేదు. పుస్తకాల్లో అలాగే ఉంటుంది. పన్నెండో జాతి అంటే ఏమిటని ఎప్పుడు ఎవరు వెతికినా, అది కనిపిస్తుంది. ఫలానా ఆవిడ పొరపాటు అని రాసి ఉంటుంది.”

“నీ పేరు పక్కన నా పేరా?”

“అవును.”

దాలమ్మ లేచి లోపలికి వెళ్లి, కంచంలో అన్నం, పులుసు వేసి తెచ్చింది. రెండు నెలలుగా పైడమ్మ చేతిలో ముద్ద నిలవడం లేదు. సుభాషిణి చప్పున లేచి, దాలమ్మ చేతిలోంచి కంచం అందుకుని, అక్క పక్కన కూర్చోబోయింది.

“నువ్వొద్దు,” అంది పైడమ్మ. “దాలమ్మ పెడతాది.”

దాలమ్మ ఇద్దరి ముఖాలూ చూసింది. కంచం వెనక్కి తీసుకుని, పైడమ్మకు ఎదురుగా కూర్చుని అన్నం కలపసాగింది.